చేటలో చెరిగిన శాంపిల్

నిన్న ల్యాబులో ఒక సంచి మూతి విప్పగానే తడిసిన గోనె, మాగిన పిండి కలిసిన వాసన ముక్కుకు తగిలింది. బూజు పట్టిన మక్కల, అంటే మొక్కజొన్న గింజల వాసన. కొందరికి మల్లెపూల వాసనకు మనుషులు గుర్తొస్తారట. నాకు ఈ వాసనకు, మా ల్యాబులో పని నేర్పిన సుజాత మేడం గుర్తొస్తారు. ఇలాంటి జ్ఞాపకాల్లో మేడం ఈపాటికి కన్నుమూసి ఉండాలి గానీ, ఆవిడ రిటైరై బోధన్‌లో నిక్షేపంగా ఉన్నారు.

నిజామాబాద్‌లోని మా ల్యాబులో గింజల్లోనూ, చేని మట్టిలోనూ ఉండే బూజును పెంచి, దాని జీనోమ్ చదువుతాం. ఒకేలా కనిపించే ఆకుపచ్చ బూజుల్లో కొన్నింటికి విషం తయారుచేసే జన్యువులు ఉంటాయి, కొన్నింటికి ఊడిపోయి ఉంటాయి. చూపుకు తేడా తెలియదు. నేను కొత్తగా చేరినప్పుడు, కమ్మర్‌పల్లి లస్మవ్వ మక్కలను బూజు ఉందని కొనేవాళ్లు తిప్పి పంపారు. ఆ బస్తాలను ఇంట్లో రవ్వ పట్టించి గటక వండుకోవచ్చా అన్నది ఆమె ప్రశ్న. తినేవాళ్లలో ఇద్దరు చిన్న మనవరాళ్లు. శాంపిల్ తెమ్మని మేడం నన్ను పంపారు. వెళ్లాను, చాయ్ తాగాను, ఆమె ఇచ్చిన సంచి తెచ్చాను. సైన్సుకు నా తొలి సేవ అది.

మేడం ఆ గింజలను తెల్ల పళ్లెంలో పోసి చాలాసేపు చూశారు. పగిలిన గింజ లేదు, పొట్టు లేదు, దుమ్ము లేదు. పెళ్లిచూపులకు కూర్చున్నట్టున్నాయి.

"ఎవరోయ్ వీటిని ఏరింది?"

"అవ్వనే, మేడం. చాటల చెరిగి, ఒక్కొక్కటి ఏరిచ్చింది. ప్రేమతోని."

"ఆ ప్రేమను ఏ మిషన్లో పెడతావు?"

మేడం వాళ్లు కోస్తా నుంచి వచ్చి ఎడపల్లి దగ్గర కాలువ కింద చెరకు వేసుకున్నవాళ్లు. ఆవిడకు కోపం వచ్చినా గొంతు పెరగదు, అదే ఎక్కువ భయం. ఆ సంచినే పరీక్షించి ఉంటే బాగానే ఉందని రిపోర్టు వచ్చేది, దాన్ని నమ్ముకుని పిల్లలు గటక తినేవాళ్లు. ఆ మాట ఆవిడ అనలేదు. జీపు తాళాలు తీసుకున్నారు, అంతే.

లస్మవ్వ ఇంట్లో బస్తా విప్పి, మోచేతి దాకా చెయ్యి దించారు. పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి ఒక్కో పిడికెడు తీశారు. చేని మట్టి కూడా తీయించారు. అవ్వకు తల కొట్టేసినట్టయింది.

"గా పుచ్చినయి ఎందుకమ్మా? మీ అసొంటోళ్లకు ఇచ్చేటియని మంచియే ఏరిచ్చిన గదా."

"పిల్లలు తినేది బస్తా మొత్తం కదవ్వా," అన్నారు మేడం.

గింజల్లో విషం తేలింది. గింజల్లోని బూజు, మట్టిలోని బూజు జీనోములు దాదాపు ఒకటే; విషపు జన్యువులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫోన్లో చెబితే సరిపోదా అన్నాను. శాంపిల్ తెచ్చినవాడే ఫలితం మోసుకెళ్లాలి, అది మేడం పద్ధతి. వెళ్లి చెప్పాను. అవ్వ బర్రెకన్నా పెట్టొచ్చా అని అడిగింది. పాలలోకి కూడా వస్తుందన్నాను.

"అయితె కాలవెడుదాం పా. ఎట్లాగు వచ్చినవు గదా."

కాలుతున్న బస్తాల పొగలో నిలబడి ఒక జోకు వెతికాను. దొరకలేదు. చరిత్రలో రాసుకోదగ్గ సంగతి కాదు గానీ, నా మట్టుకు అదే మొదటిసారి.

మొన్న మళ్లీ కమ్మర్‌పల్లి వెళ్లాను. ఈ ఏటి మక్కలు చూడమని లస్మవ్వే పిలిచింది. నేను వెళ్లేసరికి సంచి కట్టి సిద్ధంగా పెట్టింది. నిన్న విప్పింది అదే.

"నీ కోసమని బూజు వట్టినయే ఏరి పెట్టిన, కొడుకా," అంది గర్వంగా.

దండం పెట్టి తీసుకున్నాను. తర్వాత చొక్కా చేతులు మడిచి, ఆమె బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దించాను.