అలకపాన్పు మీద అసిరమ్మ

చీపురుపల్లి చుట్టుపక్కల పెళ్లి భోజనాలంటే అసిరమ్మ జట్టే వండాలి. ఆ చేతి పులుసుకి ఎంత పేరుందో ఆ నోటికీ అంత పేరుంది. చిన్నప్పుడు తండ్రికొస్తే కోపం, అన్నకొస్తే రోషం. తనకొస్తే మాత్రం మొండితనం అన్నారు. కాపురానికెళ్లాక మొగుడిది ఆవేశం, తనది అలక. మొగుడు పోయాక దానికే నోటిదురుసని పేరు మార్చారు. అసిరమ్మకి కోపం వచ్చిందని ఇన్నేళ్లలో ఒక్కరూ అన్న పాపాన పోలేదు.

ఆ రోజు కిరాణా కొట్టు చంద్రమౌళిగారి కూతురు సింధు పెళ్లి. మగపెళ్లివారి బంతికి పులుసు రావడం కాస్త ఆలస్యమైంది. పెళ్లికొడుకు మేనమామ విసురుగా లేచి, అసిరమ్మ కూతురు నీలవేణి చేతిలోని బకెట్టును ఒక్క తోపు తోశాడు. పొగలు కక్కే పులుసు ఆ పిల్ల పాదాల మీద ఒలికింది.

"పెద్దాయనకి కోపమొచ్చినాది, సర్దుకోండర్రా" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

అసిరమ్మ కూతురి కాళ్ల మీద చన్నీళ్లు కుమ్మరించి, గరిటె చేతిలో ఉండగానే పందిట్లోకి నడిచింది.

"ఎవుడ్రా ఆడు? తప్పయిపోనాదని నా పిల్లకి సెప్పమను!"

"వంటమనిషికి ఏటీ పొగరు!" అన్నాడు మేనమామ, చెయ్యి కడుక్కుంటూ.

పందిట్లో ఓ పక్కన అలకపాన్పు సిద్ధంగా ఉంది. కొత్త పరుపు, పూల దుప్పటి. పెళ్లికొడుకు దాని మీద అలిగి కూర్చుంటే అత్తవారు కానుకిచ్చి లేపాలి. అసిరమ్మ తిన్నగా వెళ్లి, మసి చీరతోనే దాని మీద చతికిలబడింది.

పెళ్లికొడుకు కళ్యాణ్ బిక్కమొహం వేశాడు. "మరి నేనెక్కడ కూకోవాలి?"

ఎవరో కిసుక్కుమన్నారు. అసిరమ్మ అటు చూసేసరికి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"దిగమ్మా, పట్టుచీర పెడతాను" అని బతిమాలాడు చంద్రమౌళి.

"సీరకి దిగితే అది అలక బాబూ. మీకొస్తే కోపం, మాకొస్తే పొగరా? నాకొచ్చినాది కోపం. ఆ మాట ఎవులైనా అనండి ముందు."

పెళ్లిపీటల మీంచి సింధు లేచింది.

"నాన్నా, ఆవిడికి కోపమొచ్చింది. రాదేటి? ఆ కాళ్లు సూడండి, ఎలా బొబ్బలెక్కిపోయాయో! ఆయన్ని పిలవండి."

కొత్త కోడలి నోట ఆ మాట వచ్చాక మేనమామ రాక తప్పలేదు. నీలవేణి కాళ్లు చూశాడు. ఆ పిల్ల మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.

"తప్పయిపోయింది తల్లీ."

అసిరమ్మ లేచింది. కోపమేమీ తగ్గలేదు. ఆ కోపంతోనే దుప్పటి ముడతలు సరిచేసి పెళ్లికొడుకు వైపు తిరిగింది.

"రా బాబూ, కూకో. ఇంక నువ్వు అలుగు."