ఉప్పాడ రాళ్ల దగ్గర తెడ్డుకు చెవి పెట్టి

ఉప్పాడ వెళ్లేవాళ్లు చీరల కోసం వెళ్తారు. నేను ఒక మనిషి చెవి కోసం వెళ్లాను. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. పోయిన నెల ఉప్పాడ నుంచి నూకరాజు గారని అరవై దాటిన మత్స్యకారుడు వచ్చి, "రాళ్లు ఇనపడట్లేదండి," అన్నారు. ముందు నాకేమీ అర్థం కాలేదు. ఒడ్డుకు దూరంగా సముద్రం అడుగున ఒక రాళ్ల గుట్ట ఉందట. ఇంజన్ ఆపి, తెడ్డు నీళ్లలోకి దించి, దాని పైకొసకు చెవి ఆనిస్తే నూనెలో ఆవాలు వేసినట్టు రాళ్ల సందుల్లోని రొయ్యల చిటపట వినిపించేదట. అక్కడి రొయ్యలూ చేపలూ, రాళ్లను పట్టుకుని పెరిగే ఎర్ర పగడాలూ క్షేమంగా ఉన్నాయనడానికి వాళ్ల నాన్న కాలం నుంచీ అదే గుర్తు. రెండేళ్లుగా ఆ చప్పుడు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు అసలే లేదట. పరీక్ష చేశాను. వయసుకు తగ్గ తరుగుదలే తప్ప చెవి బాగానే ఉంది. ఆ మాట చెబితే ఆయన మొహం పాలిపోయింది. చెవి బాగుందంటే కుమిలిపోయిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. "మీ మిషను తప్పు చెప్పిందేమోనండి. మీ చెవులు మంచివి కదా, ఒకసారొచ్చి మీరే ఇనండి," అన్నారు. కాదనలేకపోయాను.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి రాజమండ్రి కాంప్లెక్సులో బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే సరిపోయింది. రెండు గంటల్లో కాకినాడ. అక్కడి నుంచి ఉప్పాడకు షేరాటోలో నలభై రూపాయలు. సముద్రం కోసేసిన బీచ్ రోడ్డు అది. తుపాను రోజుల్లో మూసేస్తారు, కనుక్కుని బయల్దేరండి. "చీరలకాండి?" అని డ్రైవరు అడిగాడు. "కాదండి, రాళ్లు వినడానికి," అన్నాను. అద్దంలోంచి ఒక చూపు చూసి, మళ్లీ మాట్లాడితే ఒట్టు.

ఒడ్డున నూకరాజు గారి భార్య సత్తెమ్మ గారు స్టీలు డబ్బాలో ఇడ్లీ, చేపల పులుసు పెట్టి ఇచ్చారు. ఆయన పడవ దగ్గర ఉండగా నా చెయ్యి పట్టుకుని, "చెవే పోయిందని తేలాలమ్మా. చెవికైతే మిషనుంది. రాళ్లే పోతే ఈయన మనిషి కారు," అన్నారు.

పట్టిసీమ లాంచీలోనే వాంతి చేసుకున్నదాన్ని, ఇక్కడ నా అవస్థ చెప్పక్కర్లేదు. డీజిల్‌కని వెయ్యి రూపాయలు బలవంతాన ఆయన జేబులో పెట్టాను. గంట సేపు వెళ్లాక, ఒడ్డు మీది గోపురం, సెల్ టవరు ఒక వరసలోకి రాగానే ఆయన ఇంజన్ ఆపేశారు. తాడుకు కట్టిన సీసం గుండు దించి తాడు నా చేతికిచ్చారు. అడుగున గట్టిగా తగిలింది.

"రాయేనండి. చోటు తప్పలేదు."

గుండు పైకి లాగితే దానికి బురద, చిరిగిన నైలాన్ వల ముక్క. ఆయన వాటిని చూడనట్టే కడిగేసి తెడ్డు దించారు. చెవి ఆనించాను. పడవకు నీళ్లు తగిలే చప్పుడు, ఎక్కడో పెద్ద బోటు ఇంజను. అంతే. రెండో చెవి పెట్టాను. మళ్లీ మొదటిది. ఒక్క చిటపట వినిపించాలని కనపడని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. వినిపించిందని అబద్ధం చెబితే చాలు, చెవికి మిషను పెట్టించుకుని సంతోషంగా ఇక్కడికే వస్తారు, కానీ అప్పుడూ ఏమీ వినపడక కుంగిపోతారు. అబద్ధానికి నోరు రాలేదు.

"ఏమైనా ఉందాండి?"

"లేదండి."

"ఇంకాసేపు ఇనండి."

పావుగంట విన్నాను. లేదు. ఆయన మాత్రం చెవి పెట్టలేదు. తెడ్డు పైకి తీసి, తువ్వాలుతో కొస నుంచి కొసదాకా తుడిచి పడవలో పడుకోబెట్టారు. "మా నాన్న నాకు అప్పజెప్పాడండి. నా చేతుల్లో పోయింది," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనే నాకు మంచినీళ్ల సీసా అందించారు.

సత్తెమ్మ గారు మోకాళ్ల లోతు నీళ్లలోకి ఎదురొచ్చారు. ఆమె నన్ను అడగబోతుంటే నూకరాజు గారు అడ్డొచ్చి, "చెవేనంట. ముసలితనం," అన్నారు. ఆమె సముద్రానికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి, "నే చెప్పలా, చెవేనని," అంటూ నవ్వారు. నేను తల దించుకుని చెప్పులు వెతుక్కున్నాను.

ఇన్నేళ్ల ఉద్యోగంలో, వినపడలేదంటే లోపం వినేవాళ్లదే అనుకున్నాను. అవతల చప్పుడు చేసేదే లేకుండా పోయిందేమోనని ఒక్కసారీ తోచలేదు. అడుగును ఈడ్చుకుపోయే వలలు చంపాయో, బురద కప్పేసిందో, నీళ్లు వేడెక్కాయో చదువుకున్నవాళ్లు చెప్పాలి. అక్కడ మళ్లీ ప్రాణం వస్తుందని రాయాలని ఉంది గానీ, నేను విన్నదాన్ని బట్టి రాయలేను.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. గాలి లేవకముందే బోటెక్కి, ఒకచోట ఇంజన్ ఆపించి తెడ్డుకు చెవి పెట్టండి. ఏమీ వినపడకపోతే, ఒడ్డున ఎదురుచూసే మనిషికి ఏం చెప్పాలో పడవ దిగకముందే ఆలోచించుకోండి. నేను ఆలోచించుకోలేదు.