ఒక్క జెండా ఊపిన నోరీన్

నోరీన్ పాస్కోకు వారమంతా బేకరీ, శనివారం మాత్రం తెల్లకోటు. కొడుకు తమ ఊరు వారగీల్ పిల్లల జట్టులో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో స్తంభాల వెనక జెండాలతో గోల్ అంపైర్‌గా నిలబడేవాళ్లు దొరక్క ఆమెను బతిమాలి నిలబెట్టారు. కొడుకు ఆట మానేసి గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి పోయినా ఆమె ఆ కోటు వదల్లేదు. బంతి పెద్ద స్తంభాల మధ్య నుంచి శుభ్రంగా పోతే రెండు జెండాలు, ఆరు పాయింట్లు. స్తంభానికి తగిలితే ఒకటే జెండా, ఒకటే పాయింటు. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఏముంది అనేది.

ఒక ఏడాది పిల్లల ఫైనల్లో ఆఖరి నిమిషం. గోల్ పడితే కప్పు వారగీల్‌దే. పదకొండేళ్ల కెల్విన్ ట్రెంబాత్ తన్నిన బంతి స్తంభాన్ని రాసుకుంటూ పోయింది. ఆ చిన్న చప్పుడు నోరీన్ చెవిన పడింది. ఒక్క జెండా ఊపింది. కప్పు పక్క ఊరికి పోయింది.

ఊరు ఊరంతా ఆమె మీద విరుచుకుపడింది. గుడ్డిదానికి కోటెందుకన్నారు, బేకరీలో ఆమె చేసిన మాంసం పైలు కొనడం మానేశారు. అవన్నీ దులిపేసుకుంది గానీ, గడ్డిలో కూలబడి ఏడ్చిన ఆ పిల్లాడి మొహం ఆమెను వదల్లేదు. వాడు తనను ఎప్పటికైనా క్షమిస్తాడా?

ఏళ్ల తర్వాత కెల్విన్‌ను మెల్‌బోర్న్‌లో పెద్ద జట్టు తీసుకుంది. ఊరి క్లబ్బు గోడ మీద, అలా పెద్ద జట్లకెళ్లిన పిల్లల పక్కన వాడి ఫొటో కూడా ఎక్కింది. కొత్త ఆటగాడు తొలి ఆటకు ముందు తనకిష్టమైన మనిషి చేతుల మీదుగా జట్టు చొక్కా అందుకోవడం ఆ పెద్ద జట్టులో ఆనవాయితీ. అందరూ అమ్మనో నాన్ననో పిలుచుకుంటారు. కెల్విన్ నోరీన్‌ను పిలిచాడు.

"అందరి ముందూ కడిగేస్తాడేమో, తువ్వాలు పెట్టుకో," అన్నాడు ఆమె భర్త క్లైవ్. ఆమెకు నవ్వు రాలేదు.

జట్టు గదిలో ఆమె ఇచ్చిన చొక్కా తొడుక్కుని, కెల్విన్ అందరికీ వినపడేలా చెప్పాడు.

"మిసెస్ పాస్కో, ఆ రోజు బంతి స్తంభానికి తగిలింది. చప్పుడు నాకూ వినపడింది. వాళ్లంతా మిమ్మల్ని తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నా."

నోరీన్‌కు కళ్లు నిండిపోయాయి. ఇన్నేళ్ల బరువు దిగిపోయింది. వాణ్ని చొక్కా లోపలికి దోపుకోమంది.

ఆటలో కెల్విన్ మొదటి తన్ను స్తంభాన్ని రాసుకున్నట్టే పోయింది. తగిలిందో లేదోనని అంపైరు తటపటాయించాడు. జనంలో కూర్చున్న నోరీన్ అప్పటికే ఒక వేలు పైకెత్తింది.

"ఇవాళైనా రెండు ఎత్తొచ్చుగా," అని క్లైవ్ ఆమె చెయ్యి కిందికి లాగాడు.

కింద మైదానంలో కెల్విన్ తనే స్తంభం వైపు చెయ్యి చూపిస్తున్నాడు.