తడి చేపకు కాగితం సంచి

చేపల బజారులో అందరికీ ఆమె పిన్నే. సొంత అక్క కొడుకు మాత్రం పదిమందిలో ఆమెను అలా పిలిచేవాడు కాదు. అతను మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. తల్లి మంచం పట్టిన రోజుల్లో పిన్ని వండి పెడితే తిని పెరిగినవాడే. ఉద్యోగం వచ్చాక బజారు వైపు వస్తే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. ఆ వాసన చేపలదో, చుట్టరికానిదో అతనికే తెలియాలి.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కవర్లను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. పిన్నికి అందులో తప్పేమీ కనిపించలేదు. వాన పడితే బజారు వెనక కాలువ కవర్లతో పూడిపోయి, ఆ మురుగు వచ్చేది ఆమె పీట కిందికే. కాకపోతే చేపను ఇక దేంట్లో పెట్టి ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఇన్‌స్పెక్టరు ఊరంతా ఫ్లెక్సీలు కట్టించడంలో మునిగిపోయాడు. అవీ ప్లాస్టిక్కే. భూమిని కాపాడండి అని రాయించి, పక్కన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న తన ఫొటో వేయించుకున్నాడు.

దాడులు పిన్ని దగ్గరే మొదలుపెట్టాడు. అయినవాళ్ళనైనా వదలడన్న పేరు కావాలి, అందుకు ఆవిడ చౌకగా దొరికింది. వెంట తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకునేదాకా ఆగి, పీట కింది కవర్ల కట్ట లాగి పైకెత్తాడు. ఫొటో సరిగ్గా రాలేదంటే కట్టను మళ్ళీ కింద పెట్టి మళ్ళీ లాగాడు.

“కడిగిన చేపకి నీళ్ళు కారతాయి కదా నాయనా, దేంట్లో వెయ్యమంటావు?” అని అడిగింది పిన్ని.

“కాగితం సంచులు వాడండి,” అన్నాడు, ముక్కూమొహం తెలియని మనిషితో అన్నట్టు.

వాడింది. మొదటి బేరం ఒక బడిపంతులుగారు. బస్సెక్కకముందే సంచి చిరిగి చేపలు ఆయన చెప్పుల మీద పడ్డాయి. తర్వాత మున్సిపాలిటీవాళ్ళు గుడ్డ సంచులు పంచారు. వాటి రంగు చేపకు అంటింది. గిన్నెలు తెచ్చుకోమని బతిమాలితే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తెచ్చుకున్నారు. కానీ ఆమె దగ్గర కొనేది ఎక్కువగా పని దిగి ఇంటికి పోయేవాళ్ళు. గిన్నె చంకన పెట్టుకుని ఆఫీసుకు ఎవరు పోతారు? వాళ్ళంతా వీధి మలుపులోని పెద్ద దుకాణానికి మళ్ళారు. అక్కడ చేప ముక్కలు తెల్లని ప్లాస్టిక్ పళ్ళెంలో పేర్చి, పైన పల్చటి ప్లాస్టిక్ బిగించి అమ్ముతారు. అది కవరు కాదట, ప్యాకింగట. ఉత్తర్వు దాని జోలికి పోలేదు, ఇన్‌స్పెక్టరూ పోలేదు. ఆ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లోపల చల్లగా ఉంటుంది, మేనేజరు కుర్చీ వేయిస్తాడు. అలాంటి చోట తప్పు పట్టడం అతనికి అలవాటు లేదు.

వానాకాలం వెళ్ళేసరికి పిన్ని పీట ఎత్తేసింది. ఆ పెద్ద దుకాణంలోనే వెనక గదిలో చేపలు కోసే పనికి కుదిరింది. కోయడం, పేర్చడం, ప్లాస్టిక్ చుట్టడం. బజారులో వారమంతా వాడిన దానికంటే ఎక్కువ ప్లాస్టిక్ ఇక్కడ ఒక్క పూటలో ఆమె చేతుల మీదుగా పోయేది. సెలవు రోజున బజారు వైపు వెళ్తే కాలువలో కవర్ల బదులు తెల్ల పళ్ళేలు తేలుతూ కనిపించాయి. చలికి చేతులు కొంకర్లు పోవడాన్ని ఆమె ఓర్చుకుంది కానీ, మాటా పలుకూ లేకపోవడాన్ని ఓర్చుకోలేకపోయింది. బేరమాడేవాళ్ళు, విసుక్కునేవాళ్ళు, ఇంటి గొడవలు వెళ్ళబోసుకునేవాళ్ళు అందరూ గోడకు అవతలే.

ఒకరోజు మేనేజరు ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు. శుభ్రతకు దుకాణానికి బహుమతి ఇస్తున్నారట. పిన్నిని చూసి అతను చూపు తిప్పుకున్నాడు. మేనేజరు ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాక, మంచి చోటే కుదిరావు పిన్నీ, ఎండలో కూర్చునే బాధ తప్పింది అని మెల్లగా అన్నాడు.

పిన్ని కత్తి ఆపలేదు. “ఇక్కడ అలా పిలవకు. నువ్వు నాకు చుట్టమని తెలిస్తే నా పరువు పోతుంది.”

అతను గబగబా బయటపడ్డాడు.

సాయంత్రం అక్క ఫోను చేసింది. వాడు అన్నం ముట్టలేదనీ, మనసు బాగా నొచ్చుకుందనీ చెప్పి, ఏమన్నావే వాణ్ణి అని నిలదీసింది.

“వాడికి మనసు ఎప్పుడొచ్చిందక్కా?” అని అడిగి, పిన్ని ఫోను పెట్టేసి అన్నానికి కూర్చుంది.