సైరన్ కొట్టగానే నీళ్లు

డెబ్బైల చివర్లో కంచరపాలెంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను హార్బరు దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టర్ని. నా భార్య జబ్బు చేసి పోయాక ఆ ఇంట్లో మిగిలింది నేనూ, ఆరేళ్ల మా అమ్మాయీ, కిటికీలో డాల్డా డబ్బాల్లో ఆవిడ పెంచిన నాలుగు మొక్కలూ.

వాటిలో ఒకటి మరువం. వాళ్లమ్మ రోజూ పొద్దున్నే ఓ రెమ్మ తుంచి పిల్ల జడలో పెట్టేది. ఆవిడ పోయాక పిల్ల నాతో మాట్లాడటం దాదాపు మానేసింది. బడికి వెళ్లే ముందు మాత్రం తలొంచి నిలబడి నా చేత రెమ్మ పెట్టించుకునేది. మా ఇద్దరికీ మధ్య మిగిలింది అదొక్కటే. ఆ మొక్క పోతే ఎలాగా అని నాకు ఒకటే భయం.

భయం ఉంటే సరా, బుర్ర ఉండొద్దూ. నాది ముందునుంచీ పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. వర్క్‌షాపులో ఏ మెషీనుకు ఎప్పుడు నూనె పొయ్యాలో బోర్డు మీద రాసి ఉంటుంది. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాను. పొద్దుట షిఫ్టు సైరన్‌కి డబ్బాకో గ్లాసు నీళ్లు, సాయంత్రం సైరన్‌కి ఇంకో గ్లాసు. ముసురు పట్టినా అంతే. తులసి పోయింది. తర్వాత ఇంకో రెండు పోయాయి. ఆకు వాడిందంటే దాహమనుకుని మరో గ్లాసు పోసేవాణ్ణి. అదీ నా తెలివి.

మరువం అడుగాకులు పసుపెక్కిన రోజు పక్కింటి మామ్మ చూసింది. చర్చిలో పూలకుండీలు చూసుకునే మనిషి ఆవిడ.

"ఏటి సేత్తన్నావు బాబూ?"

"నీళ్లు పోత్తన్నాను మామ్మా. టైమైంది."

"టైము నీకయింది. దానికయిందా?"

డబ్బా ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "బరువు సూడు. కడుపు నిండా నీళ్లే. ఏలు పెట్టు." వేలు కణుపు దాకా బురదలో దిగింది. "రోజూ ఎత్తి సూడు. తేలిగ్గుంటే పొయ్యి, బరువుంటే ఒగ్గీ. అదే సెప్తాది."

మూడు రోజులు సైరన్ కొడుతుంటే నీళ్లు పొయ్యకుండా ఊరుకోవడం నాకెంత కష్టమైందో. నాలుగో రోజుకి డబ్బా తేలికైంది. అప్పుడు పోశాను. నెల తిరక్కుండా కొత్త చిగుళ్లు వేసింది. ఎత్తగానే చేతికి తెలిసిపోయేది, ఇవాళ కావాలో వద్దో.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న సైరన్ కొట్టగానే పిల్లకి పాలగ్లాసు అందించాను. మూతి బిగించింది. ఇంకో రోజైతే దవడ పట్టుకుని పోసేసేవాణ్ణే. ఎందుకో చెయ్యి ఆగింది.

"వద్దా అమ్మా?" అన్నాను.

తలెత్తి నా మొహంలోకి చూసింది.

"అమ్మ కూడా వొద్దనీది నాన్నా. నువ్వు ఊరుకునీవోడివి కాదు."

నిజమే. ఆవిడ నెల రోజులు మంచాన ఉన్నప్పుడు డాక్టరు చీటీ గోడకి తగిలించి, సైరన్ సైరన్‌కీ మందు, గంజి పట్టేవాణ్ణి. ఒక్క పూట కూడా తప్పలేదని చావుకి వచ్చిన వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ నెల రోజుల్లో ఒక్కసారి నుదుటి మీద చెయ్యి వేసి నీకేం కావాలే అని అడిగిన పాపాన పోలేదు. కాసేపు పక్కన కూర్చోమనేదేమో. అదీ తెలీదు నాకు.

పిల్ల ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఆపుకోలేకపోయాను. అది వచ్చి నా ఒళ్లో కూర్చుంది. ఆ రోజు నేను డ్యూటీకి పోలేదు, అది బడికి పోలేదు.