మహబూబ్ బీ కట్టిన ముడులు

మొన్న రవిక కుట్టించుకుందామని బజారులో ఒక దుకాణం మెట్లెక్కాను. దర్జీ తన మిషన్‌ను వెనక్కి వాల్చి నూనె చుక్కలు వేస్తున్నాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా కుడిచెయ్యి దానంతటదే తలమీదికి లేచింది. నేను వెనకాల ఎవరినో పిలుస్తున్నాననుకుని అతను తొంగి చూశాడు. ఎవరూ లేరు. ఉండవలసిన మనిషి మెదక్‌లో మా పక్కింట్లో బట్టలు కుట్టే మహబూబ్ బీ. ఆమె లేక చాలా ఏళ్ళయింది.

ఆమె గురించి ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పాలి. మెదక్ గ్రంథాలయంలో నేను అటెండరుగా పనిచేశాను. ఊడవడానికి చేరినదాన్ని, వార్తాపత్రికల పెద్దక్షరాలు పట్టుకుని ఎవరూ చెప్పకుండానే చదువు నేర్చుకున్నాను. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. అయితే ఆ అరలన్నీ గాలించినా, రొమ్ము తీయించుకుని ఇంటికి వచ్చిన ఆడమనిషి మర్నాటి నుంచి ఏం చేయాలో చెప్పే పుస్తకం ఒక్కటీ దొరకలేదు. ఉన్న పుస్తకమేమో నన్ను తప్పుదారి పట్టించింది. దారిలో పెట్టినామెకు అక్షరం ముక్క రాదు. కాబట్టి ఆమె చెప్పింది ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని నా పట్టుదల.

అరవయ్యో దశకం నడుస్తున్న రోజులు. కుడి రొమ్ములో శనగగింజంత గడ్డ తగిలింది నాకు. నొప్పి లేదు. భర్త సత్తయ్యకు కూడా చెప్పలేదు. ఆపా అని, అంటే అక్కా అని నేను పిలిచే మహబూబ్ బీతో అన్నాను, అదీ రవిక కొలత ఇస్తూ మాటవరసకు. ఆమె టేపు వాడేది కాదు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క దారం ఉండేది. ఛాతీకి ఒక ముడి, నడుముకొకటి, చేతి పొడవుకొకటి. మేకుకు వేలాడే ఆ దారాల గుత్తిలోంచి ఎవరి దారం వాళ్ళకు తీసి పెట్టేది, ఎన్నడూ తప్పేది కాదు. నా మాట వినగానే ఆమె చేతిలోని దారం ఆగింది.

"సత్తయ్యకు ఎరికేనా?"

"ఏమున్నదాపా, అదే పోతది."

"కుట్టు చిన్నగ చినిగినప్పుడే అందుకోవాలె చెల్లె. పెద్దగైనంక చినుగుకుంటనే పోతది. రేపే దవాఖానకు పోవాలె. నీ మొగనికి నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

ఆమె చెబితే వీధంతా వింటుంది. అందుకని నేనే చెప్పాను. సత్తయ్య తన సైకిలు దుకాణానికి వారంరోజులు తాళం వేసి నన్ను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్ష చేసిన డాక్టరు పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. రొమ్మూ, దాని కింది కండా, చంకలోని గడ్డలూ అన్నీ తీసేయాలన్నాడు. "తీస్తే బతుకుతావు అని రాసివ్వలేను. తీయకపోతే ఏమవుతుందో రాసివ్వగలను" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. పుస్తకంలో రాసినట్టు ఉంది.

ముక్కుమీద మందు గుడ్డ వేసి అంకెలు చెప్పమన్నారు. ఏడు దాకా చెప్పిన గుర్తు. మెలకువ వచ్చేసరికి రాతిబండ ఏదో ఛాతీమీద కూర్చున్నట్టుంది. నోట్లో చేదు, పక్కనుంచి ఒక గొట్టం. ఊపిరి తీస్తే కుట్లన్నీ కలిసి ఒకేసారి లాగేవి. గ్రేసమ్మ అనే నర్సు పెదవులమీద తడిగుడ్డ అద్దుతూ, "ఉన్నావు, ఇక్కడే ఉన్నావు" అంటుండేది. కట్టు విప్పిన రోజు అద్దం అడిగాను. చూశాను. ఏడుపు వస్తుందనుకున్నాను గాని, నిజానికి ముందుగా వచ్చింది ఆశ్చర్యం. పుస్తకాల అరలోంచి ఒక లావుపాటి సంపుటం తీసేసినట్టు అక్కడంతా చదునుగా, ఖాళీగా ఉంది. ఏడుపు తర్వాత వచ్చింది, అదీ తీరిగ్గా వచ్చింది.

ఇక్కడే నా తెలివి బయటపడుతుంది. చెయ్యి కదుపుతూ ఉండాలి, గోడమీద వేళ్ళు పాకించాలి అని గ్రేసమ్మ రోజూ చెప్పేది. నేను వింటూ లోపల నవ్వుకునేదాన్ని. ఎందుకంటే మా గ్రంథాలయంలోని ఒక పాత వైద్య పుస్తకంలో, దెబ్బ తిన్న చేతిని మెడనుంచి గుడ్డతో కట్టి కదలకుండా ఉంచాలని స్పష్టంగా చదివి ఉన్నాను. ఇంటికి రాగానే పాత చీర చింపి చెయ్యి మెడకు కట్టుకున్నాను. మూడు వారాలు విప్పలేదు. చూడవచ్చిన వాళ్ళకు ఆ పుస్తకంలోని వాక్యాలు అప్పజెప్పాను కూడా. ఆ అధ్యాయం విరిగిన ఎముకల గురించినదని తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది.

మహబూబ్ బీ మొదటి రోజుల్లో నన్ను విశ్రాంతిగా వదిలేసింది. తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు గడియ వేసి, "చూపియ్యి" అంది. రవిక తీశాను. మా వీధి ఆడవాళ్ళలో ఎవరికి చూపించినా తల తిప్పుకునేవారు, లేకపోతే కళ్ళొత్తుకునేవారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని వంగి, చంకనుంచి రొమ్మెముక దాకా మచ్చను వేలితో వెంబడించింది.

"కుట్టు సాఫ్ ఉన్నది. చెయ్యి తిరిగినోడే" అంది. మళ్ళీ వంగి చూసి, "కాని కొసకు ముడి మంచిగ వెయ్యలే. నేనైతే గిట్ల వదిలిపెడుదునా" అంది.

ఆపరేషనయ్యాక నేను నవ్వడం అదే మొదటిసారి. నవ్వితే కుట్లు లాగాయి, ఆ నొప్పికి మళ్ళీ నవ్వు వచ్చింది. ఆమె మేకుమీది గుత్తిలోంచి తెచ్చిన నా పాత దారాన్ని పొయ్యిలో పడేసి, కొత్త దారం తీసింది. "ఫికర్ జెయ్యకు. కొత్త మనిషికి కొత్త కొలత. చెయ్యి లేపు."

మెడకు కట్టిన గుడ్డ విప్పి లేపబోయాను. మోచెయ్యి నడుము దగ్గరనుంచి జానెడు కదిలి ఆగిపోయింది. పళ్ళు బిగబట్టాను. ఇంక కదలలేదు. పుస్తకంలో ఏం రాసి ఉందో ఆమెకు చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"నా మిషన్ నెల రోజులు తొక్కకుంటే ఏమైతది?"

"పట్టుకపోతది."

"ఇనుమే పట్టుకపోతది. తోలూ కండా పట్టుకపోవా? గంత చదివినవు, గిది చదువలేదా?"

అసలు భయం ఆ సాయంత్రం మొదలైంది. దసరా దాటాక సంగారెడ్డి నుంచి ఆఫీసరు తనిఖీకి వస్తాడు, పుస్తకాలన్నీ దింపి, సరిచూసి, మళ్ళీ ఎక్కించాలి. గోడ బీరువా పై అరలో పత్రికల పాత సంపుటాలు ఉండేవి. ఒక్కొక్కటీ రెండు చేతులా ఎత్తవలసినంత బరువు. ఎక్కడానికి బల్ల లేదు, మునివేళ్ళమీద నిలబడితే అవి నాకు సరిగ్గా అందేవి. గ్రంథపాలకులు రామచంద్రం గారు మంచివారు. నా సెలవు రెండుసార్లు పొడిగించారు. కాని చూడడానికి వచ్చినప్పుడు చెప్పవలసింది చెప్పేశారు.

"ఆఫీసరు ముందట పని గాకపోతే, నేను రాయాల్సింది రాయాలె బాలమణీ. నీ జాగల ఇంకొకర్ని పెడ్తరు."

జీతం సంగతి అటుంచండి. ఆ గది నుంచి పంపేస్తే నాకు మిగిలే పుస్తకం ఏది? సభ్యత్వం కట్టి ఇంటికి తెచ్చుకునే వాళ్ళ వరుసలో నిలబడగలనుగాని, తాళంచెవి నడుముకు దోపుకుని అరలమధ్య ఒంటరిగా తిరిగే ఉదయాలు పోతాయి. ఇదంతా మహబూబ్ బీకి చెప్పాను. మర్నాడు బురఖా వేసుకుని, జీవితంలో మొదటిసారి గ్రంథాలయానికి వెళ్ళింది. ఆ ముచ్చట రామచంద్రం గారు తర్వాత ఎన్నోసార్లు చెప్పి నవ్వారు. కిటికీ పరదాలకు కొలత తీసుకోవడానికి వచ్చానందట.

"మాకు పరదాలు ఎవరు మంజూరు చేసిండ్రమ్మా?"

"కొలతకు పైసల్లేవు సార్. మంజూరైనంక కుడత."

అంటూనే దారం తీసి గోడ బీరువాకు పట్టిందట. "కిటికీ ఇటున్నది" అని ఆయన వేలు చూపించారు. "దానిది గూడ తీస్త, జర ఆగుండ్రి" అని, పై అర ఎత్తుకు ముడి వేసుకుని, కిటికీ వైపు తిరిగైనా చూడకుండా వచ్చేసిందట.

ఆ దారాన్ని తన ఇంటి గోడకు వేలాడదీసింది. పైన ఒక ముడి, అది నా అర. శుక్రవారం ఆమె మిషన్ తొక్కదు, అందుకని శుక్రవారం నా పరీక్ష. గోడవైపు తిరిగి నిలబడి వేళ్ళను సాలెపురుగులా పైకి పాకించాలి. ఎక్కడ ఆగితే అక్కడ దారానికి ముడి. మొదటి ముడి నా రొమ్మెముక ఎదురుగా పడింది. మిగతా రోజుల్లో నువ్వులనూనె మర్దన, తర్వాత ఆమె ఉతికిన గుడ్డలు నేను తీగమీద ఆరవేయడం. వారానికి ఒక బెత్తెడు చొప్పున ఆ తీగ పైకి జరుగుతోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నొప్పితో తిట్టేదాన్ని. "తిట్టు, తిట్టు. తిట్టుకుంట లేపు" అనేది.

మధ్యలో రవిక వ్యవహారం ఒకటి. ఖాళీవైపు దూది నింపి కుట్టింది గాని, దూదికి బరువు లేక నడిస్తే మెడ దగ్గరికి ఎగబాకేది. అప్పుడామె చిన్న సంచి కుట్టి జొన్నలు నింపింది. బరువు అమోఘంగా కుదిరింది. ఉతికి పెరట్లో ఆరేస్తే కోళ్ళు చుట్టుముట్టాయి. కోళ్ళను తోలి లోపల ఆరేస్తే, అది వానాకాలం కదా, మూడోనాటికి కుట్లలోంచి తెల్లగా మొలకలు వచ్చాయి. సత్తయ్య చూసి, "ఇంకో నెల ఆగితే జొన్న గటక వండుకోవచ్చు" అన్నాడు. చివరికి మహబూబ్ బీ ఆవాలు వేయించి నింపింది. వేయించినవి మొలవవు. నేను ఎండలో నడిచొస్తే మాత్రం, ఎవరింట్లోనో పోపు పెడుతున్నారని జనం అటూ ఇటూ చూసేవారు.

ముడులు పెరిగాయి. గడ్డం, ముక్కు, నుదురు దాటాయి. దసరా వెళ్ళింది. ఆఫీసరు శనివారం వస్తున్నాడనగా శుక్రవారం చివరి పరీక్ష. మునివేళ్ళమీద నిలబడ్డాను. వేళ్ళు పాకాయి, పాకాయి, ఆగాయి. పై ముడికి ఇంకా నాలుగు వేళ్ళ వెలితి. మళ్ళీ ప్రయత్నించాను. చంకలో తీగలు తెగిపోతాయేమో అనిపించింది. అదే వెలితి. గోడకు నుదురు ఆనించి ఏడ్చాను.

మహబూబ్ బీ దారానికి ముడి వేస్తూ, "చాలు. రేపు పొయ్యి రా" అంది.

"అందదు గద ఆపా."

"పొమ్మన్న గద. పొయ్యి చూడు."

శనివారం ఆఫీసరు కుర్చీలో కూర్చుని జాబితా చదువుతుంటే నేను కింది అరలనుంచి మొదలుపెట్టాను. రామచంద్రం గారు నా వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడుతున్నారు. దింపడం ఎడమచేత్తో లాగి ఎలాగో కానిచ్చాను. అసలు పరీక్ష ఎక్కించడం. మొదటి సంపుటం రెండు చేతులా ఛాతీకి ఆనించుకుని పై అర ఎదురుగా నిలబడ్డాను. మునివేళ్ళమీద లేచి ఎత్తాను. వెలితి ఉంటుందనుకున్న చోట వెలితి లేదు. అర అంచు నా వేళ్ళకు తగిలింది. సంపుటం లోపలికి జారిపోయింది. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు, బీరువా కుంగిందేమోనని కింద చూశాను. తర్వాత రెండోది, మూడోది. వరుసంతా నిండింది. ఆఫీసరు పైన వేలితో రాసి చూసి, "దుమ్ము సరిగ్గా దులపలేదు" అన్నాడు. అంత తియ్యటి మాట నేను అంతవరకు వినలేదు.

నేరుగా మహబూబ్ బీ ఇంటికి పోయాను. ఆమె మిషన్ తొక్కుతూనే ఉంది.

"అర కిందనే ఉన్నది ఆపా. నీ ముడి తప్పు."

"నా ముడి ఎన్నడన్న తప్పిందా?" అని ఒక చిన్నపిల్ల లంగాను తిరగేసి చూపింది. అంచు లోపలికి నాలుగు వేళ్ళు మడిచి కుట్టి ఉంది. "కొత్త బట్ట ఒక్కసారి నీళ్ళల్ల పడితే గుంజుకుంటది. అందుకని ఎక్కువ వదులుత. భయపడ్డ చెయ్యి గూడ గంతే, ఆఫీసర్ను చూస్తే గుంజుకుంటది. నీకు గూడ నాలుగు వేళ్ళు ఎక్కువ వెట్టిన."

"మరి నిన్న నన్నెందుకు ఏడిపిచ్చినవు?"

"చెప్తే నువ్వు ఆడికే ఆగుతుంటివి. చదువుకున్నదానివి, లెక్క వేసుకుంటుంటివి."

నిజమే, వేసుకునేదాన్ని. ఆ నాలుగు వేళ్ళూ ఎక్కడానికి మరి రెండు నెలలు పట్టింది. పట్టినా ఎక్కాను. ఆ రోగం మళ్ళీ నా జోలికి రాలేదు. నేను పదవీ విరమణ చేసిన రోజు కూడా పై అర సంపుటాలు నేనే సర్దాను. ఆమె తర్వాత నేను ఏ పుస్తకం చదివినా, ఈ అధ్యాయం ఎవరి గురించి రాశారని ముందు చూసుకోవడం అలవాటైంది. తెలిసిన విషయం చెప్పేముందు ఎదుటి మనిషి చెయ్యి ఎక్కడిదాకా లేస్తోందో చూడడం కూడా.

డాక్టరు గారి పేరు ఆ రోజుల్లో అడిగే ధైర్యం చేయలేదు, పేరు లేకుండానే ఆయనకు దండం. వినకపోయినా చెప్పడం మానని గ్రేసమ్మకు, సెలవు పొడిగించి పరదాల సంగతి ఆఫీసరుకు చెప్పని రామచంద్రం గారికి, నెలల తరబడి ఉప్పెక్కువైన పప్పు వండి అలగకుండా తినమన్న మా సత్తయ్యకు కృతజ్ఞతలు. మహబూబ్ బీకి బతికుండగా ఈ మాట చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. అందుకని ఆమెకు మరోలా చెల్లిస్తున్నాను. ఆపరేషను చేయించుకున్న ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వస్తారు. గోడ దగ్గర నిలబెట్టి, నీకు ఎంత ఎత్తు అందాలమ్మా అని అడుగుతాను. పొయ్యిమీది గూడు అని ఒకరు, దండెం అని ఒకరు, పిల్లవాడిని ఎత్తుకోవాలని ఒకరు చెబుతారు. కొలత తీసుకుని, నాలుగు వేళ్ళు పైన గుర్తు పెట్టి, ఇదే నీ ఎత్తు అంటాను.