శుక్రవారం కూడా నిప్పులు పంచిన మా నానమ్మ

మా చిన్నప్పుడు... బెల్లంపల్లి బొగ్గుగనుల క్వార్టర్లలో మాకు గడియారంతో పని ఉండేది కాదు. పొగను చూసి టైం చెప్పేవాళ్ళం.

తెల్లవారకముందే క్వార్టర్ల లైనంతా పొయ్యిలు ముట్టించేవాళ్ళు. మొదటి షిఫ్టు కూత కూసేలోపు మగవాళ్ళ అన్నం డబ్బాలు నిండాలి కదా... పాత బకెట్టుకు మట్టి మెత్తి చేసుకున్న పొయ్యిలు అవి. పచ్చిబొగ్గు వేసి ఇంటి ముందు ముట్టించి, పొగ చచ్చాక లోపలికి తెచ్చుకునేవాళ్ళు. ఎవరికి వాళ్ళు మా ఇంట్లో పొగ లేదనుకునేవాళ్ళు. అందరి పొగా అందరి ఇళ్ళలోకే వచ్చేది.

పొద్దున ఆ పొగ చూరు దగ్గరే ఆగేది. ఎండ పెంకుల మీదికి ఎక్కితే గానీ కదిలేది కాదు. మధ్యాహ్నం ఎవరైనా పొయ్యి పెడితే మాత్రం నిటారుగా ఆకాశంలోకి పోయేది. దీపాలు పెట్టే వేళకు మళ్ళీ కిందికి దిగేది.

ఎండాకాలం గాలి ఎత్తుకుపోయేది, వానాకాలం వాన కడిగేసేది. చలికాలం వచ్చిందా... ఇక పొమ్మన్నా పోని చుట్టమే. పొద్దున ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి చుక్కలు పడేవి. అందుకే మా అవ్వ భోజనాలయ్యాకే బట్టలు ఆరేసేది. అవ్వ అంటే మా అమ్మే... మా వైపు అలాగే పిలుస్తాం.

ఒక చలికాలం మా చెల్లె సరోజకు ఊపిరి అందకుండా పోయింది. ఇంకా బడికి పోయే ఈడు కూడా రాలేదు దానికి. పొద్దున పొగ వచ్చే వేళకు లేచి కూర్చుని, గోడకు చేతులానించి, డొక్కలు ఎగరేస్తూ గాలి కోసం కొట్టుకునేది. చూడలేకపోయేవాళ్ళం.

చలికాలం పోయేదాకా పిల్లను పొగ లేని చోట ఉంచమన్నాడు దవాఖాన డాక్టరు. కొండగట్టు దగ్గరున్న అమ్మమ్మ ఊరికి పంపుదామన్నాడు బాపు, అంటే మా నాన్న. అది అవ్వ కొంగు వదిలి ఒక్క పూట ఉండేది కాదు. అది పక్కన లేకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

అవ్వ ఒక్కటే మాట అంది. "పొగను పంపిస్త గని పిల్లను పంపియ్య."

"పొగ నీ మాట ఇంటదా?" అన్నాడు బాపు.

"పొగ ఇనకుంటె లైనోళ్ళు ఇంటరు."

"సరే, ఈ వారం సూద్దాం. తగ్గకుంటె ఐతారం బస్సెక్కిస్త."

మా అవ్వ అంటే మామూలు మనిషి కాదు. మర్నాడు మధ్యాహ్నం పెరట్లో పచ్చిబొగ్గు కుప్ప పోసి అంటించింది. పొగంతా పైకి పోయి బొగ్గు ఎర్రబడ్డాక నీళ్ళు చల్లి ఆర్పింది. అలా కాల్చిన బొగ్గు మళ్ళీ ముట్టిస్తే పొగ రాదు. ఈ సంగతి అందరికీ తెలిసిందే... నడి మధ్యాహ్నం ఆ తిప్పలు ఎవరు పడతారు?

ముందుగా పొయ్యి ముట్టినవాళ్ళ ఇంటికి ఇనుప తట్ట పట్టుకుని నిప్పుకు పోవడం మా లైన్లో అలవాటే. అవ్వ దాన్నే పట్టుకుంది. ఇల్లిల్లూ తిరిగి, "పచ్చిబొగ్గు పొద్దుగాల ముట్టియ్యకుండ్రి. మా ఇంటికెల్లి నిప్పులు తీస్కపోండ్రి" అని చెప్పింది.

"పిల్ల కోసమే గదా వైనీ, గట్లనే కానీ" అంది పక్కింటి శాంతాబాయి. వాళ్ళది మహారాష్ట్ర వైపు, వదినను వైనీ అనేది. తమ బొగ్గు కూడా తెచ్చి మా పెరట్లోని కుప్పలో పోసింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ పోశారు.

కోడి కూయకముందే అవ్వ లేచి పొయ్యి నిండా నిప్పులు చేసేది. తట్టలు నింపి పంపేది. గురువారానికి సరోజ ఎండ వచ్చేదాకా పడుకోవడం మొదలుపెట్టింది. అవ్వ మొహం చూడాలి అప్పుడు...

శుక్రవారం వచ్చింది. నానమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది.

"శుక్రారం పొద్దున నిప్పు బయటికియ్యద్దు. లక్ష్మి పోతది."

నానమ్మ మాట దాటడం మా ఇంట్లో లేదు. అవ్వ నిప్పుల తట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వచ్చినవాళ్ళు ఖాళీ తట్టలతో తిరిగి పోయారు. పాపం వాళ్ళను అనేదేముంది, షిఫ్టు ఆగదు కదా... మళ్ళీ పచ్చిబొగ్గే ముట్టించారు.

కాసేపటికే పొగ తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చింది. సరోజ లేచి కూర్చుంది. దేక్కుంటూ పోయి నానమ్మ చీర పట్టుకుంది. "నానమ్మా... పొగ" అంది. ఆ తర్వాత దానికి మాట రాలేదు.

నానమ్మ దాన్ని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. అవ్వ చేతిలోని తట్ట లాక్కుంది. ఆ మంచులో చెప్పులు కూడా లేకుండా పోయి శాంతాబాయి తలుపు కొట్టింది.

"ఆ పొయ్యి మీద బూడిద సల్లు. ఈ నిప్పులు ఏస్కో."

"ఇయ్యాల శుక్రారం గదా పెద్దమ్మా?"

"ఎరుకనే. లక్ష్మి పోతె పోనీ. నాకు నా మనుమరాలు ఉండాలె."

ఆ పొద్దున లైను చివరిదాకా తలుపు తలుపు కొట్టింది మా నానమ్మ. ఆదివారం వచ్చింది, బస్సు పోయింది... సరోజ మాత్రం మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత ప్రతి చలికాలం మా ఇంటి నుంచే నిప్పులు పోయాయి. శుక్రవారం మాత్రం అవ్వను ముట్టనిచ్చేది కాదు నానమ్మ. పాపమేదైనా ఉంటే తనకే తగలాలని తనే పంచేది.

ఇప్పుడు ఇంటింటికీ గ్యాసే. అయినా చలికాలం పొద్దున అదే వేళకు, అదే చూరు దగ్గర పొగ నిలుస్తోంది. బండ్లదో, తగలబెట్టిన చెత్తదో... సరోజ ఇప్పటికీ అక్కడే ఉంటుంది, దానికే మనుమలొచ్చారు. మొన్న ఫోన్లో, "అక్కా, గీ పొగ ఎవలింటిదే?" అని అడిగింది. ఎవరింటిదో తెలిస్తే కదా తలుపు కొట్టేది...

మీ ఊళ్ళో చలికాలం పొద్దున పొగ కమ్మితే మీరు ఎవరి తలుపు కొడుతున్నారు? తెలిసినవాళ్ళు కింద రాయండి... మా సరోజకు చెప్పాలి.